తల్లి ముక్కు

పాల వ్యాన్ వచ్చి వెళ్ళేసరికి శకుంతలమ్మ దుకాణం మెట్టు మీద పాత పేపర్ల కట్ట ముందేసుకుని కూర్చుంది. చేవెళ్ళ బస్టాండుకు నాలుగడుగుల దూరంలో ఉన్న ఆ కిరాణం దుకాణం వెనకే వాళ్ళ ఇల్లు. కొడుకు గిరీష్ పొట్లాల కోసం పాత పేపర్లు కొనుక్కొస్తాడు. వాటిని సమానంగా చింపి పెట్టడం ఆమె పని. చింపేముందు ప్రతి కాగితాన్నీ భూతద్దం పెట్టుకుని చదవడం ఆమె అలవాటు.

ఆమె బడి మొహం చూడలేదు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చాక సబ్బు పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ, పొట్లాల కాగితాల మీదికి వచ్చి, తనంతట తానే చదువు నేర్చుకుంది. అందుకే ఆమె చదివినవన్నీ సగం సగమే. కథ మొదలు దొరికితే చివర ఏ శెనగపప్పు వెంటో వెళ్ళిపోయి ఉంటుంది. చిరిగిన చోటి నుంచి మిగతాది ఆమే ఊహించుకుంటుంది. ఆ ఊహ ఎప్పుడూ చెడు వైపే నడుస్తుంది. బస్సు బోల్తా అని సగం చదివితే అందులో అందరూ పోయారని రోజంతా దిగులు పడుతుంది.

లోపలి గదిలోంచి మనవరాలు స్నిగ్ధ గురక వినిపిస్తోంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. పడుకుంటే చాలు, రంపం కోసినట్టు చప్పుడు.

"మన స్నిగ్ధ ఉండంగ అలారం ఎందుకు అత్తమ్మా, వీధి వీధంత లేస్తది" అంది కోడలు స్వప్నిక, చీపురు పట్టుకుని బయటకు వస్తూ.

"నీకేం బాధయితున్నదే? దాని నిద్ర అది పోతున్నది."

"బాధ కాదు. రేపు కట్టుకున్నోడు చెవులల్ల దూది పెట్టుకోవాలె."

శకుంతలమ్మ నవ్వలేదు. ఇంట్లో అందరికీ నవ్వులాటగా ఉన్న ఆ చప్పుడు ఆమెకు మాత్రం ధైర్యం. పగలైనా రాత్రైనా ఒక చెవి అటే ఉంటుంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపు పిల్ల ఉన్నట్టే.

దానికి కారణం ఉంది. స్నిగ్ధ తల్లి ప్రవీణ శకుంతలమ్మకు ఒక్కగానొక్క కూతురు. నిమ్ము చేసి దవాఖానలో పడ్డప్పుడు మంచం పక్కన ఈమే కూర్చుంది. ప్రవీణ ఊపిరి కష్టంగా, పెద్దగా ఆడుతుండేది. వేడినీళ్ళు తెద్దామని ఈమె అలా వరండాలోకి వెళ్ళి వచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం ఆమె చెవుల్లో ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. అప్పటికి స్నిగ్ధకు నాలుగేళ్ళు. అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకుని నిజామాబాద్ వెళ్ళిపోయాడు. మొదట్లో పండక్కి వచ్చేవాడు, తర్వాత ఫోన్ చేసేవాడు, తర్వాత అదీ లేదు. అమ్మమ్మకు మిగిలింది ఈ పిల్ల, ఈ పిల్ల ముఖంలో ప్రవీణ ముక్కు. మధ్యలో చిన్న గూని ఎత్తి, కొస కొంచెం ఎడమకు ఒరిగిన ముక్కు. ఇంటికి ఎవరు వచ్చినా, "అచ్చం తల్లి ముక్కు" అని శకుంతలమ్మ చెప్పకుండా ఉండేది కాదు.

గురక ఆగింది. కాసేపటికి స్నిగ్ధ వచ్చి అమ్మమ్మ పక్కన మెట్టు మీద కూర్చుంది.

"అమ్మమ్మా, ఒక మాట చెప్పాలె. కోపం చేయొద్దు."

"కోపం ఎందుకు బిడ్డా. ముందు నీళ్ళు తాగు. పెదాలు ఎట్ల పగిలినయో చూడు."

"అదే చెప్పొస్తున్న. నోటితోటి ఊపిరి తీసుకుంటున్న గద, అందుకే ఎండిపోతున్నయి. బళ్ళె రెండో క్లాసు పిల్లలకు ఒక పాఠం చెప్పేసరికి గొంతు పట్టుకపోతున్నది. మొయినాబాద్ దవాఖానల చూపించుకున్న. ముక్కు లోపల గోడ వంగి ఒక పక్క మొత్తం మూసుకపోయిందంట. ఆపరేషన్ చేయాలె అన్నరు." ఒక్క క్షణం ఆగి, నేల చూస్తూ పూర్తిచేసింది. "లోపల సరిచేసేటప్పుడే పైన గూని కూడా తీస్తరు. ముక్కు రూపు మారుతది."

శకుంతలమ్మ చేతిలో కాగితం అడ్డదిడ్డంగా చిరిగింది. ఆమె లేచి లోపలికి వెళ్ళి, దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద మడిచి పెట్టిన ముక్క తెచ్చింది. కిందటి నెల పేపర్ల కట్టలో కనిపించినప్పటి నుంచి ఎందుకో పారేయలేక దాచుకుంది.

"ఇది చదువు."

స్నిగ్ధ చదివింది. ముక్కు సరిచేయించుకునేందుకు వెళ్ళిన ఒక యువతికి మత్తు ఇచ్చిన కొద్దిసేపటికే, అని ఉంది. అక్కడ కాగితం చిరిగిపోయింది.

"కొద్దిసేపటికే ఏమైంది?"

"ఏమైతది? ఇంకా చెప్పాల్నా?"

"మెలకువ వచ్చిందేమో అమ్మమ్మా."

"మెలకువ వస్తే పేపర్ల ఎందుకేస్తరే?" శకుంతలమ్మ ఆ ముక్కను మళ్ళీ మడిచింది. "నా మాట ఇను. అది నీ ఒక్కదాని ముక్కు కాదు. మీ అమ్మది. మీ అమ్మను చూడాలనిపిస్తే నేను నీ మొహం చూస్త. అది కోయించుకుని వస్తవా?"

స్నిగ్ధ లేచింది. స్నానం చేసి, టిఫిన్ డబ్బా తీసుకుని, మొయినాబాద్ బస్సెక్కి బడికి వెళ్ళిపోయింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని నోరు కొద్దిగా తెరిచి గాలి పీల్చుకుంటున్న ఆ ముఖాన్ని శకుంతలమ్మ బస్సు మలుపు తిరిగేదాకా చూసింది.

ఆ వారమే ఎవరికీ చెప్పకుండా చిలుకూరు గుడికి పోయింది. కోరిక కోరుకుని పదకొండు ప్రదక్షిణలు చేస్తే, అది తీరాక నూటెనిమిది చేయాలి. మోకాళ్ళు పట్టేస్తున్నా పదకొండూ తిరిగింది. చుట్టూ పిల్లలంతా వీసా రావాలనీ ఉద్యోగం రావాలనీ గబగబా నడుస్తున్నారు. ఆమె ఒక్కటే అడిగింది. ఆపరేషన్ ఆగిపోవాలి స్వామీ.

శనివారం సాయంత్రం స్నిగ్ధ అల్మారా ముందు నిలబడి బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసింది.

"ఏం దేవులాడుతున్నవే?" అంది స్వప్నిక.

"అమ్మ ఆల్బమ్ అత్తా. డాక్టర్ చిన్నప్పటి ఫొటోలు తెమ్మన్నడు. పక్క నుంచి తీసినవి ఉంటే మంచిదంట."

గోడ మీద దండ వేసిన ప్రవీణ ఫొటో ఒకటి ఉంది కానీ అది ఎదురుగా తీసింది, పైగా వెలిసిపోయింది. ఆల్బమ్ మాత్రం ప్రవీణ పోయినప్పుడు శకుంతలమ్మ పాత చీరలో మూట కట్టి పెట్టింది. ఇన్నేళ్ళలో ఎవరూ విప్పలేదు. విప్పే ధైర్యం ఎవరికీ లేదు.

"అది అక్కడ లేదు" అంది శకుంతలమ్మ గడపలో నిలబడి. "నేను తీసి పెట్టిన."

"ఎక్కడ పెట్టినవు?"

"ఎక్కడో ఒకకాడ పెట్టిన. ఇయ్య."

స్నిగ్ధ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. చాలా మెల్లగా మాట్లాడింది. అరిచినా బాగుండేది.

"చిన్నప్పటి నుంచి వింటున్న, తల్లి ముక్కు, తల్లి ముక్కు అని. బళ్ళె పిల్లలు రామచిలుక అని ఎక్కిరిస్తే ఏడ్వలేదు, అమ్మది గద అని. అద్దంల చూసుకుని బాగలేదు అనిపించినా ఎవ్వరికీ చెప్పలే, అమ్మను తిట్టినట్టయితదని. జలుబు చేస్తే అన్నం తినుకుంట ఊపిరి తీసుకోను రాదు నాకు. ఒక ముద్ద, ఒక గాలి. ఒక ముద్ద, ఒక గాలి. నువ్వు చూసినవా ఎప్పుడన్న?"

"బిడ్డా..."

"మా అమ్మ ఈ ముక్కుతోటే మంచిగ ఊపిరి తీసుకున్నదేమో. నాకు ఆడతలేదు అమ్మమ్మా. నేను మీ ఇంట్ల మా అమ్మ ఫొటోనా, మనిషినా?"

స్వప్నిక వంగి మంచం మీది బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది. చప్పుడు విని దుకాణంలోంచి వచ్చిన గిరీష్ తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, నీ భయం తప్పని అంటలేను. సోమవారం నువ్వు కూడ రా. నీకున్న ఫికరంత డాక్టర్ ముంగటనే చెప్పు. ఆయన ఏమంటడో నీ చెవులతోటి ఇను. అప్పటికీ వద్దంటే అప్పుడు చూద్దాం."

శకుంతలమ్మ తలూపింది. తలూపుతూనే మనసులో ఒక నిర్ణయానికి వచ్చింది. ఆల్బమ్ తీసుకుపోవాలి. ప్రవీణ ముక్కు డాక్టర్‌కే చూపించాలి. ఇది దెబ్బా కాదు, రోగమూ కాదు, వంశంలో వచ్చిన ముక్కు, తల్లి గుర్తు అని చెప్పాలి. తల్లి గుర్తును చెరిపేయడానికి ఏ డాక్టర్‌కు మాత్రం చెయ్యి వస్తుంది? సోమవారం పొద్దున బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఆ మూట తీసి, విప్పకుండానే సంచిలో పెట్టుకుంది.

డాక్టర్ సుకుమార్ యాభై దాటిన మనిషి. వీళ్ళు చేవెళ్ళ నుంచి వచ్చారని తెలియగానే కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

"మాది కనకమామిడి అమ్మా. మా బాపు మీ బస్టాండు కాడికే చామంతులు తెస్తుండె. చెప్పండి, మీకు ఏం భయం?"

ఆమె ఆ కాగితం ముక్క తీసి ఇచ్చింది. డాక్టర్ నవ్వుతాడేమో అనుకుంది. ఆయన నవ్వలేదు. చదివి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"ఈమెకు ఏమైందో నాకు తెల్వదమ్మా. కానీ మత్తుల ప్రమాదం అసలే ఉండదని ఎవరన్న చెప్తే వాళ్ళ దగ్గరికి పోకండి. చాలా తక్కువ, కానీ ఉంటది. అందుకే ముందు గుండె, రక్తం పరీక్షలు చేస్తం. మత్తు డాక్టర్ ఆపరేషన్ మొత్తం పక్కనే ఉంటడు. మీరు చేయాల్సింది ఒకటే, పిల్ల ఏం మందులు వాడుతదో ఒక్కటి కూడ దాచొద్దు."

"మందులేం లేవు" అంది స్నిగ్ధ. "అమ్మమ్మ కషాయం ఒక్కటే."

"ఏమేస్తరమ్మా కషాయంల?"

"వెల్లుల్లి, అల్లం, పసుపు, మిరియాలు. ముక్కు దిబ్బడకు మంచిదని రోజూ ఇస్త" అంది శకుంతలమ్మ.

"మంచిదే. కానీ రోజూ అంతంత వెల్లుల్లి పోతే కోసినప్పుడు రక్తం తొందరగా ఆగదు. ఆపరేషన్ ముందు కొన్నాళ్ళు బంద్ పెట్టాలె. చూసిన్రా, ఇది మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

స్వప్నిక ఇంతసేపూ ఫోన్ పట్టుకుని ఆగలేకపోతోంది. తెరను డాక్టర్ వైపు తిప్పింది. ఎవరో సినిమా తార ముఖం. "ఎట్లాగూ చేస్తున్నరు గద సార్, జర గిట్ల సన్నగ చేయరాదా?"

"ఆ ముక్కు ఆ మొహానికి సరిపోయిందమ్మా. ఈ పిల్ల నుదురు వేరు, గదుమ వేరు, చర్మం మందం వేరు. అద్దంల చూసుకుంటే తనే కనబడాలె, ఇంకెవరో కాదు. ఫోన్‌ల బొమ్మ చూపించి అచ్చం ఇదే ఇస్త అంటే నేను అబద్ధం చెప్పినట్టు." ఆయన స్నిగ్ధ వైపు తిరిగాడు. "నీకు ముందే చెప్పిన, మళ్ళా చెప్త. మొదటి వారం అద్దం చూసుకుంటే ఏడుపొస్తది. కళ్ళ కింద నల్లగా కములుతది. వాపు నెలలు పడతది, కొస అన్నిటికంటె ఆఖరుకు తగ్గుతది. అసలు రూపు తేలడానికి ఏడాది. కొందరికి మళ్ళా చిన్నగా సరిచేయాల్సి వస్తది. వాసన కొన్నాళ్ళు మందగించొచ్చు. ఇవన్ని ఒప్పుకుంటేనే చేయించుకోవాలె. తొందరేం లేదు."

తర్వాత ఒక సన్నటి గొట్టం తీశాడు. దాని కొసన ఆవగింజంత దీపం ఉంది. దాన్ని స్నిగ్ధ ముక్కులోకి మెల్లగా పోనిచ్చి, పక్కనున్న తెర చూడమన్నాడు.

శకుంతలమ్మ చూసింది. మొదట అదేమిటో అర్థం కాలేదు. ఎర్రగా, తడిగా మెరుస్తున్న గుహ. గోడలు మెత్తగా, బతికి ఉన్నట్టుగా ఉన్నాయి. అది లోపలికి, ఇంకా లోపలికి వంపులు తిరుగుతూ పోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా అందులో ఏదో సన్నగా కదులుతోంది. బయటికి చూస్తే బొటనవేలంత ముక్కు. దాని వెనక ఇంత కట్టడమా? డెబ్బై ఏళ్ళు తనూ ఇలాంటి దారిలోంచే గాలి పీల్చుకుంది, ఒక్కసారైనా దాని సంగతి తలచుకోలేదు. గర్భగుడిలోకి తొంగి చూసినట్టనిపించి, ఆమె చేతులు వాటంతటవే దగ్గరకు వచ్చాయి.

"ఇది మంచిగున్న పక్క" అన్నాడు డాక్టర్. "ఇప్పుడు రెండోది చూడండి."

రెండో పక్క గుహ లేదు. మధ్య గోడ వచ్చి అడ్డంగా పడి ఉంది. దీపం అక్కడే ఆగిపోయింది. సందులో ఒక గాలి బుడగ పుట్టి, పెరిగి, పగిలిపోయింది. మళ్ళీ పుట్టింది.

"ఇన్నేండ్లు..." అంది శకుంతలమ్మ. "ఇన్నేండ్లు దీని ప్రాణం ఈ ఒక్క దారినే వచ్చి పోయిందా సారూ?"

"ఒక దారి, దానికి తోడు నోరు. అమ్మా, చిన్నప్పుడు ఈ పిల్ల ఎప్పుడన్న పడ్డదా? ముక్కుకు దెబ్బ తాకిందా?"

"లేదు" అందామె వెంటనే. తను వచ్చిన పని గుర్తొచ్చింది. "దెబ్బ కాదు సారూ. ఇది తల్లి ముక్కు. మీరే చూడండి." సంచిలోంచి మూట తీసి, ముడి విప్పి, ఆల్బమ్ బల్ల మీద పెట్టింది. తను మాత్రం చూడలేక ముఖం పక్కకు తిప్పుకుంది.

డాక్టర్ పేజీలు తిప్పుతున్న చప్పుడు. ఒక చోట ఆగింది. చాలాసేపు ఆగింది.

"అమ్మా, ఈ ఫొటోల ఈమె ఎవరు?"

తప్పక చూసింది. ప్రవీణ. చిన్న మంగళారం ఊళ్ళో బంధువుల తోటలో మంచె మీద కూర్చుని, ఒళ్ళోని పిల్లకు దూరంగా ఏదో చూపిస్తోంది. తల్లీబిడ్డా ఇద్దరూ పక్కకు తిరిగి ఉన్నారు. వెనక తెల్లటి ఆకాశం. రెండు ముఖాలూ అంచు గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి.

శకుంతలమ్మ చేయి భూతద్దం కోసం వెతికింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. దూరంగా పెట్టి చూసింది.

ప్రవీణ ముక్కు సూటిగా ఉంది. గూని లేదు. ఒళ్ళో ఉన్న మూడేళ్ళ పిల్ల ముక్కూ సూటిగానే, చిన్న మొగ్గలా ఉంది.

"ఇది ప్రవీణ కాదు" అంది శకుంతలమ్మ. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"అమ్మా, అక్కనే గదా" అన్నాడు గిరీష్ మెల్లగా.

అవును, ప్రవీణే. ఆ గాజులు తను వేయించినవే. ఆ చీర తను పెట్టినదే. మరి తన కళ్ళలో ఇన్నేళ్ళుగా ఉన్న ప్రవీణ ఎవరు? గూని ముక్కుతో నవ్వే ప్రవీణ, గూని ముక్కుతో అలిగే ప్రవీణ, ఆ దవాఖాన మంచం మీద గూని ముక్కుతో కళ్ళు మూసుకున్న ప్రవీణ? ఎదురుగా పెరుగుతున్న మనవరాలి ముఖం చూసి చూసి, ఆ ముక్కును తీసి కూతురి ముఖానికి తనే పెట్టుకుంది. కూతురిని దాచుకున్నాననుకుంటూనే, కొంచెం కొంచెంగా, తనకు తెలియకుండానే చెరిపేసుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రవీణ పోయిన పదకొండో రోజు. ఇంటి నిండా మనుషులు. అందరూ వంటల దగ్గరా ఏడుపుల దగ్గరా ఉండగా దుకాణంలోంచి కేక వినిపించింది. నాలుగేళ్ళ పిల్ల బియ్యం బస్తాల మీదికి ఎక్కింది. అక్కడ గోడకు పెట్టిన తల్లి ఫొటోను అందుకోవాలని చూసి, కింద ఇనుప కాంటా మీద ముఖం ఆనేలా పడింది. ముక్కు వాచింది. దుకాణంలో డబ్బా దగ్గరే ఉంది కాబట్టి పసుపు మెత్తారు. వాపు తగ్గింది. ఆ దుఃఖంలో ఎవరికీ ఇంకేమీ తోచలేదు. ఏళ్ళు గడిచి ముక్కు మీద ఎత్తు కనిపించేసరికి అందరూ తల్లి పోలిక అన్నారు. ముందు తనే అంది.

ఆమె ఇదంతా ముక్కలు ముక్కలుగా చెప్పింది. స్నిగ్ధ నోరు కొద్దిగా తెరుచుకుని వింటోంది.

"అమ్మ ఫొటో కోసమా?" అంది చివరికి. "నాకు యాది లేదు అమ్మమ్మా."

"నాక్కూడ యాది లేకుండె బిడ్డా."

"పిల్లల ముక్కు మెత్తటిది అమ్మా" అన్నాడు డాక్టర్. "లోపల చిన్నగా ఒరిగితే బయటికి తెల్వదు. పెరిగేకొద్ది వంకర పెరుగుతది. ఇది ఎవ్వరి తప్పు కాదు."

శకుంతలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. స్నిగ్ధ వైపు తిరిగి, చూపుడు వేలితో ఆ గూనిని కొస దాకా తడిమింది. ఇన్నేళ్ళు తను నూనె రాసి, నీళ్ళు పోసి, ముద్దు పెట్టుకున్న ముక్కు.

"చేయించుకో బిడ్డా" అంది. "దీంట్ల మీ అమ్మ లేదు. ఉన్నా, నీకు ఊపిరాడకుండ ఉండమని మీ అమ్మ అనదు."

వేసవి సెలవుల్లో ఆపరేషన్ జరిగింది. స్ట్రెచర్ తలుపు దాటి వెళ్తుంటే శకుంతలమ్మ వరండాలో గోడ పట్టుకుని నిలబడింది. వరండాలంటే ఆమెకు భయం. ఈసారి నీళ్ళ కోసం కూడా కదల్లేదు. గిరీష్ చాయ్ తెచ్చి చేతికిస్తే అది చేతిలోనే చల్లారిపోయింది.

ఇంటికి వచ్చిన స్నిగ్ధను చూసి వీధిలో వాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ముక్కు కదలకుండా పైన వేసిన తెల్లటి అచ్చు, కళ్ళ కింద నేరేడు రంగు కమిలిన మచ్చలు, ఉబ్బిన ముఖం. డాక్టర్ చెప్పినట్టే ఆ పిల్ల ఏడ్చింది.

"తప్పు చేసిన్నా అమ్మమ్మా? ఇది నేను కానట్టున్న."

"ఏడాది అన్నడు గద సారు. వారానికే లెక్క తేల్చుకుంటే ఎట్ల?"

ఇన్నేళ్ళూ అందరినీ భయపెట్టిన మనిషి ఇప్పుడు ధైర్యం చెప్పడం చూసి గిరీష్ ఆశ్చర్యపోయాడు. దవాఖాన వాళ్ళు ఇచ్చిన జాగ్రత్తల కాగితాన్ని ఆమె భూతద్దం పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. ఆమె చదివిన వాటిలో చివర చిరిగిపోని కాగితం అదే మొదటిది. ముక్కు చీదకూడదు. బరువు ఎత్తకూడదు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. రక్తం ఆగకుండా వస్తే, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రావాలి. ఆ ఇంట్లో తాలింపులో మిరపకాయ పడడం ఆమె ఆపించింది.

"వచ్చినోళ్ళందరి కండ్లు పడ్డయి అత్తమ్మా. జర ఎండుమిరపకాయలతోటి దిష్టి తీసి పొయ్యిల ఏద్దామా?" అంది స్వప్నిక.

"ఆ పొగకు తుమ్మొస్తే నువ్వు కుట్లేస్తవా? ఉప్పుతోటి తీయి. బయట తీయి. వాకిలవతల పారబోయి."

"మీరేనా అత్తమ్మా గిట్ల మాట్లాడేది?"

"కాగితం మీద రాసి ఉన్నది. నేను చదివిన."

బడి తెరిచేసరికి కమిలిన రంగు పోయింది. వాపు కొద్దికొద్దిగా దిగుతోంది. పగటిపూట స్నిగ్ధ నోరు మూసుకుని ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటోంది. నడక నేర్చుకున్నట్టే, మధ్యమధ్యలో మరచిపోతూ. రాత్రిళ్ళు గురక తగ్గినా పూర్తిగా పోలేదు. నోటి అలవాటు మెల్లగా వదులుతుందని డాక్టర్ అన్నాడు. ఆ సన్నటి చప్పుడు పట్టుకునే శకుంతలమ్మ నిద్రపోయేది.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం. అన్నాలు తిని గిరీష్, స్వప్నిక దగ్గర్లోని ప్రొద్దుటూరులో చుట్టాలింటికి వెళ్ళారు. దుకాణం షట్టర్ సగం దించి ఉంది. శకుంతలమ్మ గడప దగ్గర పేపర్లు చింపుతోంది. ఉన్నట్టుండి చేతులు ఆగిపోయాయి.

ఇంట్లో ఏదో లేదు.

ఫ్యాన్ తిరుగుతోంది. బయట బస్సు హారన్ వినిపించింది. లోపలి గదిలోంచి మాత్రం ఏ చప్పుడూ లేదు.

ఆమెకు ఆ దవాఖాన వరండా గుర్తుకు రాలేదు, ఆమె అందులోనే ఉంది. చేతిలో వేడినీళ్ళు, ఎదురుగా నిశ్శబ్దంగా ఉన్న గది. ఒళ్ళోని కాగితాలు జారిపోయాయి. గోడ పట్టుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ గడప దాటడానికి ఒకసారి ఆమె ఎంత మూల్యం చెల్లించిందో ఆమెకే తెలుసు.

దాటింది.

స్నిగ్ధ పక్కకు తిరిగి పడుకుని ఉంది. పెదాలు రెండూ కలిసి, మెత్తగా మూసుకుని ఉన్నాయి. ఆ పిల్ల నిద్రలో నోరు మూసుకోగా శకుంతలమ్మ ఎన్నడూ చూడలేదు. వేలిని తీసుకెళ్ళి ముక్కు కింద పెట్టింది.

వెచ్చగా తగిలింది.

వేలిని కొంచెం అటు జరిపింది. అక్కడా వెచ్చగానే ఉంది. రెండు దారులనుంచీ ఊపిరి వస్తోంది, పోతోంది. ఏ చప్పుడూ లేదు. ఏ పెనుగులాటా లేదు. పువ్వు వాసన వచ్చినంత సులువుగా ప్రాణం వచ్చి పోతోంది.

శకుంతలమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. తను ఇన్నేళ్ళూ ధైర్యంగా పట్టుకున్న ఆ చప్పుడు ఈ పిల్ల పెనుగులాట. అది ఆగిపోవడమే సుఖం. నిశ్శబ్దం అంటే పోవడమే అని తనకు ఎవరు చెప్పారు? ఒక గదిలో ఒకసారి జరిగింది. అది సగం కాగితం. మిగతా సగం ఇప్పుడు తన వేలి మీద వెచ్చగా తగులుతోంది.

కిటికీ వెలుగు స్నిగ్ధ ముఖం మీద పక్క నుంచి పడుతోంది. వెనక తెల్లటి గోడ. నుదుటి నుంచి కొస దాకా ముక్కు అంచు ఒక్క గీతలా దిగి వచ్చింది. కొస దగ్గర ఇంకా కొంచెం వాపు ఉంది. అయినా తెలిసిపోతోంది. మంచె మీద కూర్చుని, బిడ్డకు దూరంగా ఏదో చూపిస్తున్న ఆ ముఖమే. తను మరచిపోయిన ముఖం. పోతుందేమోనని తను దేవుడి చుట్టూ తిరిగిన ముఖం, తిరిగి తనే నడిచి వచ్చింది.

"ప్రవీణా" అంది, పెదాలు మాత్రమే కదిలేలా.

స్నిగ్ధ కళ్ళు తెరిచింది. "ఏందమ్మమ్మా, ఏడుస్తున్నవ్? ఏమైంది?"

"ఏం కాలే బిడ్డా. నువ్వు సప్పుడు చేయకుండ పడుకున్నవు."

స్నిగ్ధకు ఒక క్షణం తర్వాత అర్థమైంది. లేచి కూర్చోబోయి, మళ్ళీ పడుకుని, అమ్మమ్మ చేయి తీసుకుని తన ముక్కు కింద మళ్ళీ పెట్టుకుంది. నోరు మూసుకుని నిండుగా ఊపిరి తీసి వదిలింది.

"అమ్మమ్మా, నీ చేతికి ఇంగువ వాసనొస్తున్నది."

"దుకాణపోళ్ళ చేతికి ఇంగువ వాసన రాక అత్తరు వాసన వస్తదా?"

"చిన్నప్పటి నుంచి ఈ చేతితోటే తిన్న. ఇయ్యాల తెలిసింది."

శకుంతలమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"రేపు చిలుకూరు పోదామా బిడ్డా? నూటెనిమిది తిరగాలె. నాకు మోకాళ్ళు ఆగకపోతే సగం నువ్వు తిరుగు."

"మొక్కుకున్నవా? ఏమని మొక్కుకున్నవు?"

"నీ ఆపరేషన్ ఆగిపోవాలె అని."

స్నిగ్ధ నవ్వింది. "అది ఆగలేదు గదా. మరి నూటెనిమిది ఎందుకు?"

"నా మాట ఇననందుకు" అంది శకుంతలమ్మ.